ఇంజెక్షన్‌కు ముందు ఎవరూ అడగని మాట

ఇప్పుడు నా ఒంట్లో బాగానే ఉంది. అన్నం సహిస్తోంది, ఒకరి చెయ్యి పట్టుకోకుండా మెట్లు ఎక్కుతున్నాను, మిషన్ ముందు మళ్లీ కూర్చుంటున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. అది తగ్గేది కాదని అర్థమై, ఉన్న కోపంతోనే మొదలుపెట్టాను. బరువు తగ్గే ఇంజెక్షన్ వేయించుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఒక్కరు దీన్ని చదివి, సూది దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను నిలదీసి నాలుగు ప్రశ్నలు అడిగితే నాకు అదే చాలు.

నా పేరు ఝాన్సీ. వయసు నలభై ఆరు. పుట్టిల్లు రేపల్లె, మెట్టినిల్లు తెనాలి. ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో గుమస్తా.

ఏప్రిల్

మోకాళ్ల నొప్పి నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లు మిషన్ తొక్కాను. మోటారు పెట్టించుకున్నాక తొక్కుడు తప్పింది గాని నొప్పి తప్పలేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి చూసి, "బరువు తగ్గాలమ్మా, లేకపోతే పదేళ్లలో ఆపరేషనే" అన్నారు. ఎలా తగ్గాలో చెప్పలేదు. రోజూ వేసుకోమని నొప్పి మాత్రలు రాసిచ్చారు.

ఈ మాట డాక్టరు ఒక్కరే అనుంటే బాగుండేది. నేను ఊళ్లో ఆడవాళ్ల కొలతలు తీస్తాను కదా, నా కొలత తీసే హక్కు ఊరందరికీ ఉందనుకుంటారు. జాకెట్టు ఇవ్వడానికి వచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏంటి ఝాన్సీ, ఇంకా ఒళ్లు చేశావు?" అంటుంది. అమృతలూరులో ఒక ఫంక్షన్‌కి వెళ్తే భోజనాల బంతిలో నా పక్క కుర్చీ ఖాళీగా వదిలి, "నువ్వు సర్దుకుని కూర్చో అమ్మా, ఇబ్బంది పడమాక" అన్నారు. ఆ కుర్చీ నాకు సరిపోయింది. వాళ్ల నోరే సరిపోలేదు. నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

అప్పుడే తెనాలిలో కొత్తగా ఒక స్లిమ్మింగ్ సెంటరు తెరిచారు. లోపల ఏసీ, అత్తరు వాసన, గోడల నిండా లావుగా ఉన్నప్పటి ఫొటో పక్కన సన్నబడ్డాక తీసిన ఫొటో. తెల్లకోటు వేసుకున్న ఒకాయన నన్ను కూర్చోబెట్టి బరువు, ఎత్తు, ఫోన్ నంబరు అడిగాడు. మా సెంటరు గురించి ఎలా తెలిసింది మేడమ్ అని కూడా అడిగాడు. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

"వారానికి ఒక్కటే మేడమ్. దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆకలి చచ్చిపోద్ది, మిగతాదంతా అదే జరిగిపోద్ది."

"నేను రోజూ మోకాళ్ల మాత్రలు వేసుకుంటానండి."

"ఏం ఫర్లేదు మేడమ్."

"ఇది నాకు సరిపడుద్దా అండి?"

"అందరికీ సరిపడేది మీకెందుకు సరిపడదు మేడమ్?"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అన్నారు. నేను కోరుకున్న జవాబే ఆయన ఇచ్చాడు. ఆయన డాక్టరో కాదో నేను అడగలేదు. ఒక పట్టుచీర జాకెట్టు కుట్టాలంటే నేను చంక దగ్గర ఎంత వదలాలి, చెయ్యి పొడుగు ఎంత, వెనక లోతు ఎంత అని పద్నాలుగు కొలతలు తీసుకుంటాను. నా ఒంట్లోకి మందు ఎక్కించడానికి ఆయనకు ఎత్తూ బరువూ సరిపోయాయి, నాకు అది తప్పుగా కూడా అనిపించలేదు.

జూన్

మొదట్లో బాగానే ఉంది. ఆకలి నిజంగానే తగ్గింది. రెండు ఇడ్లీలు తింటే సాయంత్రం దాకా ఇంకేమీ వద్దనిపించేది. నా జాకెట్లు నేనే లోపలికి కుట్టుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు కోసం నేనెంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారం బరువు అనుకున్నంత తగ్గలేదని సెంటరులో మందు పెంచారు. ఇంకో రెండు వారాలకు మళ్లీ పెంచారు. దాంతో వాంతులు మొదలయ్యాయి. ఇస్త్రీ పెట్టె ఆవిరి తగిలితే కడుపులో తిప్పేది. పోపు వాసన పడదు. మా ఆయన యార్డు నుంచి వస్తే చొక్కాకి పట్టిన పసుపు వాసన గుమ్మంలో ఉండగానే తెలిసిపోయేది, పరుగెత్తి వెళ్లి కక్కేదాన్ని. ఆయన ఒక్క మాట అనకుండా దుగ్గిరాలలోనే కాళ్లూ చేతులూ కడుక్కుని వేరే చొక్కా వేసుకుని రావడం మొదలుపెట్టారు. ఆ సంగతి నేను గమనించడానికి వారం పట్టింది.

సెంటరుకి ఫోన్ చేస్తే, "అది పనిచేస్తోందని గుర్తు మేడమ్, కంగారు పడమాకండి" అన్నారు. మంచినీళ్లు కూడా నిలవడం లేదని చెప్పాను. "నిమ్మరసం తాగండి" అన్నారు. ఆ మర్నాడు మిషన్ మీద నుంచి లేవబోయి కిందపడ్డాను. కళ్లు తెరిచేసరికి మా ఆయన నన్ను ఆటోలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మొదట అడిగింది ఒకటే. "ఈ ఇంజెక్షన్ ఎవరు రాశారు? చీటీ చూపించండి."

చీటీ ఎక్కడిది? మా ఆయన సెంటరుకి ఫోన్ చేశారు. రెండుసార్లు ఎత్తారు. ఆసుపత్రి అనే మాట వినగానే ఎత్తడం మానేశారు.

ఒంట్లో నీళ్లు లేవన్నారు, కిడ్నీలు అలిసిపోయాయన్నారు, రోజూ వేసుకునే నొప్పి మాత్రలు దానికి తోడయ్యాయన్నారు. మంచం ఖాళీ అయ్యేదాకా హాల్లో బెంచీ మీద సెలైన్ పెట్టారు. నా పక్కన అడవులదీవి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. చేపలు అమ్ముతుందట. భర్తకు పక్షవాతం వచ్చి లోపల ఉన్నాడు. నేను వాంతి చేసుకుంటుంటే వీపు నిమిరింది. రెండోసారి కూడా చేసుకునేసరికి తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"నా దగ్గర చేపల వాసనొస్తందేమో అమ్మాయ్, నీకు పడటంలా. నేనవతల కూకుంటాలే. నువ్వీ తువ్వాలు తలకింద పెట్టుకో, ఉతికిందే."

ఫ్యాను కింద గోడ పక్కన తనకు దొరికిన చోటు నాకు వదిలేసి, వెళ్లి ఎండ పడే గుమ్మం పక్కన కూర్చుంది. ఆవిడ పేరు కూడా అడగలేకపోయాను. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో నన్ను చూడ్డానికి మా వాళ్లు చాలామందే వచ్చారు. చేతికి సెలైన్ సూది, పెదాలు పగిలిపోయి ఉన్న నన్ను చూసి ఒకావిడ, "ఏమైతేనేం ఝాన్సీ, భలే సన్నబడ్డావే" అంది. ఆ సూది పీకి ఆమెకు గుచ్చాలనిపించింది. ఆ మాట నిజంగానే అనేశాను. మా ఆయన ఆవిడకు క్షమాపణ చెప్పి పంపించారు.

జూలై

నాకు ఆ మందు మీద కోపం లేదు. ఇది గట్టిగా చెప్పాలి. నా దగ్గర పదేళ్లుగా జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరుగారు ఉన్నారు. ఆవిడకు షుగరు. ఆవిడా అలాంటి ఇంజెక్షనే ఏడాదిగా వాడుతున్నారు, హాయిగా ఉన్నారు. నా సంగతి విని కొట్టుకొచ్చి, కొలతలివ్వడం మానేసి నాకే ప్రశ్నలు వేశారు.

"నీకు రక్తపరీక్షలు చేయించారా? స్కాన్ తీయించారా? మీ ఇంట్లోవాళ్ల జబ్బులు అడిగారా?"

"లేదండి."

"మరి దేన్నిబట్టి ఇచ్చారే తల్లీ?"

తన డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. బాపట్లలో ఒక లేడీ డాక్టరు. నేనూ మా ఆయనా పొద్దున రైలెక్కి వెళ్లాం. టోకెన్ పదిహేడు. మూడు గంటలు కూర్చున్నాం. లోపలికి వెళ్లినవాళ్లు ఒక పట్టాన బయటికి రాకపోతే విసుక్కున్నాను. నా వంతు వచ్చాక ఎందుకు రారో తెలిసింది. ఆవిడ పరీక్ష చేసేముందే అరగంట అడిగారు. తలనొప్పి మాత్ర దగ్గర్నుంచి నేను మింగే ప్రతి మాత్ర గురించీ అడిగారు. కడుపులో రాళ్లున్నాయా, ఎప్పుడైనా పొట్ట పైభాగంలో వీపు దాకా పాకే నొప్పి వచ్చిందా, నెలసరి ఆగిందా, కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు. అరగంట ముందు విసుక్కున్న నేను, ఇవన్నీ ఏప్రిల్‌లో ఎవరైనా అడిగుంటే కదా అని ఏడుపు ఆపుకుంటూ జవాబులు చెప్పాను.

"మీ రక్తసంబంధంలో ఎవరికైనా మెడ దగ్గర గడ్డ, థైరాయిడ్ క్యాన్సర్, గొంతు ఆపరేషన్ లాంటివి ఉన్నాయా?"

"లేవండి" అన్నాను వెంటనే. మా ఇంట్లో అలా అనడం అలవాటు. ఎవరేం అడిగినా మాకు షుగరు లేదు, బీపీ లేదు, ఏమీ లేదు.

ఆవిడ రాసుకోబోతుంటే మా మేనత్త కళ్ల ముందు మెదిలింది. సరోజిని అత్త, మా నాన్న చెల్లెలు. నాకు పదేళ్లప్పుడు పోయింది. చివరి వేసవి మా ఇంట్లోనే ఉంది. రోహిణి కార్తె ఎండల్లో అందరం విసనకర్రలతో అల్లాడుతుంటే ఆవిడ మాత్రం మెడచుట్టూ పైట చుట్టుకుని కూర్చునేది. తీయబోతే మా అమ్మ నా చెయ్యి మీద కొట్టింది. అత్త జ్వరంతో పోయిందని చెప్పారు. ముప్పై ఆరేళ్లుగా నేనూ అదే చెబుతున్నాను.

"ఒక్క నిమిషం రాయకండి మేడమ్" అని వరండాలోకి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న పోయాక అమ్మ రేపల్లెలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది.

"అమ్మా, సరోజిని అత్త దేంతో పోయింది?"

"ఇప్పుడెందుకే అది?"

"డాక్టరుగారు అడుగుతున్నారు."

"జ్వరమొచ్చిందని చెప్పు. మనింట్లో అట్టాంటివేం లేవు."

అట్టాంటివి అంటే ఎలాంటివో నేనింకా చెప్పనే లేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

లోపలికి వెళ్లి డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ నన్ను కసరలేదు. "మెడ జబ్బులో చాలా రకాలుంటాయమ్మా. అన్నిటితోనూ ఈ మందుకి పేచీ లేదు. ఒక రకం మాత్రం కొన్ని ఇళ్లలో తరాల తరబడి వస్తుంది. అది ఉన్న ఇంటివాళ్లకి ఈ ఇంజెక్షన్ ఇవ్వం. ఎలుకల మీద చూసినప్పుడు అనుమానం వచ్చింది, మనుషుల్లో ఇంకా తేలలేదు. తేలని దాన్ని మీ మీద తేల్చుకోమంటారా?" అన్నారు. "మీ అత్తగారి పాత కాగితాలు దొరికితే తీసుకురండి. అందాకా ఇంజెక్షన్ మాట ఎత్తొద్దు."

నాకూ మెడ స్కానూ ఒక రక్తపరీక్షా రాశారు. తిరుగు రైల్లో మా ఆయన కిటికీ వైపు చూస్తూ, "మీ ఇంట్లో ఇంకేమేం దాచారు?" అన్నారు. ఆయన గొంతులో కోపం నేను మొదటిసారి విన్నాను.

ఆగస్టు

పరీక్షల ఫలితాలు రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. చేతులు ముడుచుకుని కూర్చోలేక రేపల్లె వెళ్లాను. అమ్మ పెరట్లో రొయ్యలు ఒలుస్తోంది. నన్ను చూసి, "చిక్కిపోయావే" అంది. ఈసారి ఆ మాట మెచ్చుకోలు కాదు.

"కాగితాలెక్కడమ్మా?"

"ఏం కాగితాలు?"

"అత్తవి. గుంటూరులో ఆపరేషన్ అయిందని తమ్ముడి పెళ్లిలో పెదనాన్న వరసయ్యే ఒకాయన నోరు జారాడు, నేనప్పుడు పట్టించుకోలేదు. కాగితాలు ఎక్కడున్నాయి?"

అమ్మ చేతిలో రొయ్య గిన్నెలో పడేసి చెయ్యి కడుక్కుంది. తర్వాత చెప్పింది. అత్తకు మెడలో గడ్డ వచ్చింది. కోయించారు. అది క్యాన్సరే. నెలలు కూడా తిరక్కుండా పోయింది. కాగితాలు మా నాన్న బీరువాలో దాచాడు. నా పెళ్లిచూపులకు తెనాలి వాళ్లు వచ్చే రోజు పొద్దున, ఇల్లంతా చూస్తారు, ఎవరి కంటైనా పడితే సంబంధం తప్పిపోతుందని, అమ్మ ఆ కట్టంతా తీసి నీళ్ల పొయ్యిలో పెట్టింది.

ఆ పొద్దున ఆ పొయ్యి మీద కాగిన నీళ్లతోనే నాకు తలంటు పోశారు. ఒళ్లు మండిపోయింది నాకు.

"నా ప్రాణం పోయేది కదమ్మా! ఆ డాక్టరమ్మ అడక్కపోతే నేను మళ్లీ అదే ఇంజెక్షన్ పొడిపించుకునేదాన్ని. నిన్ను ఫోన్లో అడిగితే కూడా అబద్ధం చెప్పావు!"

"నువ్వరవమాక, కోడలు వింటది. ఇంటిగుట్టు లంకకి చేటన్నారు. మెడజబ్బు ఇల్లని పేరు పడితే నిన్నెవరు చేసుకునేవాళ్లే? నీ తమ్ముడికి పిల్లనెవరిచ్చేవాళ్లు?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడిగినా పెట్టలేదు. ఆ కాగితాల్లో ఏ రకమో రాసి ఉంటుంది. ఒక్క ముక్క ఉంటే చాలు, డాక్టరుగారికి సంగతి తేలిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా ఆకులు కూడా కాల్చేసింది మా అమ్మ.

నేను వెళ్లబోతుంటే వెనకే వీధి గుమ్మం దాకా వచ్చింది. "పద్మకు మాత్రం చెప్పమాక. దాని కూతురికి సంబంధం కుదిరేట్టుంది. అయ్యాక చెబుదువుగాని."

పద్మ అంటే సరోజిని అత్త కూతురు. తల్లి పోయేటప్పటికి దానికి నాలుగేళ్లు. బాపట్లలో ఉంటుంది. నాకు మరదలు, నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. అమ్మ ఆ మాట అనేదాకా నా తలకాయలో నా మెడ తప్ప ఇంకో మెడ లేదు.

తెనాలి చేరి కొలతల పుస్తకం తీశాను. ప్రతి మనిషికీ ఒక పేజీ రాసుకుంటాను. పద్మ పేజీలో మూడేళ్ల కిందట మొదటిసారి కాలర్ మెడ జాకెట్టు. దానికి మెడచుట్టు కొలత పదమూడు. మరుసటేడు మళ్లీ కాలరే, పదమూడుంపావు. మొన్న మార్చిలో మూడు జాకెట్లు, మూడూ మూసిన మెడే, పద్నాలుగు. నడుమూ ఛాతీ కొలతలు మాత్రం పెరగలేదు, తగ్గాయి. ఆ అంకెలు మూడూ నా చేతి రాతే. నా చేత్తో టేపు ఆ గడ్డ మీదుగా మూడుసార్లు చుట్టాను. ఇప్పుడు మూసిన మెడలే ఫ్యాషన్ కాబోలు అనుకున్నాను. అడగని పాపం సెంటరు ఆయన ఒక్కడిదే కాదు.

నా ఫలితాలు ఆ వారమే వచ్చాయి. గడ్డేమీ లేదు, రక్తం కూడా బాగుంది. డాక్టరుగారు చూసి, "సంతోషం. అయినా ఆ ఇంజెక్షన్ మీకు కాదు. ఇంట్లో ఏ రకం ఉందో తెలియనప్పుడు నేను రాయను" అన్నారు. ఇది నాకు సరిపడుద్దా అని ఏప్రిల్‌లో నేనడిగినదానికి జవాబు ఆ రెండు వాక్యాల్లో ఉంది. బాధపడాల్సింది పోయి తేలికపడ్డాను. నాకెవరో మొదటిసారి నిజం చెప్పారు.

అక్కడి నుంచి నేరుగా పద్మ ఇంటికి వెళ్లాను. అమ్మ మాట గుర్తుంది. కాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. చెబితే ఆ పిల్ల సంబంధం పోవచ్చు. చెప్పకపోతే పద్మ పోవచ్చు. ఇందులో ఆలోచించాల్సిందేముందని ఇప్పుడు అనిపిస్తుంది గాని, అప్పుడు నా కాలు గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది.

చెప్పాను. పద్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది.

"గడ్డుందని తెలుసు వదినా. కాలర్లు అందుకేగా కుట్టించుకుంటన్నా. పిల్ల పెళ్లయ్యాక చూపించుకుందామని."

"మీ అమ్మ..."

"మా అమ్మ జ్వరంతో పోయిందనేగా మీరందరూ చెప్పింది?" అంది. గొంతు పెంచలేదు. "దసరాకొస్తే మీ ఇంట్లో అందరూ నా తల నిమిరేవాళ్లు. ఒక్కళ్లకి కూడా చెప్పాలనిపించలేదా వదినా?"

నాకు తెలియదు పద్మా అన్నాను. అది నిజమే. కాని నన్ను నేను కాపాడుకోవడానికి వాడుకున్న నిజం కాబట్టి నాకే అసహ్యం వేసింది.

అక్టోబరు

పద్మకు పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆ గంటల గురించి రాయలేను. తీసిన ముక్కను పరీక్ష చేస్తే డాక్టరుగారు భయపడ్డ రకమే అని తేలింది. చాలావరకు సమయానికే వచ్చారన్నారు. ఇంకో ఏడాది కాలర్ జాకెట్లు కుట్టుంటే ఏమయ్యేదో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

సంబంధం వాళ్లకు పద్మ తనే ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు, "అట్టాగేనమ్మా, ఆరోగ్యం చూసుకోండి" అని మర్యాదగా పెట్టేశారు. మళ్లీ చేయలేదు. మా అమ్మ నాకు ఫోన్ చేసి, "చూశావా, నేను చెప్పలా" అంది. అమ్మ చెప్పింది తప్పు కాదు. ఈ లోకం సరిగ్గా అమ్మ చెప్పినట్టే ఉంది. అందుకే ఎక్కువ ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి జనవరి దాకా నేను అమ్మతో మాట్లాడలేదు.

మోకాళ్ల సంగతి అడుగుతారేమో. నొప్పి మాత్రలు మాన్పించారు. ఒక ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన కసరత్తులు చేస్తున్నాను. అన్నం తగ్గించాను, కాలవగట్టు మీద నడుస్తున్నాను. నెలకు కిలో కూడా తగ్గడం లేదు. ఎవరైనా "ఇంకా తగ్గలేదేంటి ఝాన్సీ" అంటే, "నీకేంటి నష్టం?" అంటున్నాను. గిరాకీ ఏం పడిపోలేదు. ఆ సెంటరు మీద కంప్లైంటు ఇచ్చాం. గోడల మీద ఫొటోలు ఇంకా అలాగే ఉన్నాయని మా ఆయన దారిన పోతూ చూసొచ్చి చెప్పారు.

జనవరి

బాపట్ల డాక్టరుగారు మా అందరినీ ఒకసారి రమ్మన్నారు. ఈ జబ్బు ఏ వైపు నుంచి వచ్చిందో, ఇంకా ఎవరెవరికి రక్తం పరీక్ష చేయాలో వంశవృక్షంలా గీసి చూడాలన్నారు. పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురమ్మన్నారు. తమ్ముడికి చెప్పాను గాని అమ్మ వస్తుందని అనుకోలేదు.

వచ్చింది. గంజిపెట్టిన వాయిల్ చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తమ్ముడి పక్కన బెంచీ మీద నిటారుగా కూర్చుంది. నన్ను చూసి తల తిప్పుకుంది. పద్మ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. మెడ మీద కుట్ల గీత కనపడుతోంది. పద్మ ఇప్పుడు కాలర్లు వేసుకోవడం లేదు. అమ్మ ఆ గీత వైపు చూసి, మళ్లీ చూడలేదు.

లోపల డాక్టరుగారు ఒక తెల్లకాగితం మీద గుండ్రాలూ చతురస్రాలూ గీస్తూ పద్మ పేరు రాశారు. పైన సరోజిని అత్త పేరు రాశారు. పక్కన మా నాన్న పేరు, కింద నాదీ తమ్ముడిదీ. ఆ పైన గుండ్రం ఖాళీగా వదిలి, "అంతకు ముందు ఎవరికైనా ఉందా? మీకేమైనా గుర్తుందా?" అని నన్నూ పద్మనూ అడిగారు.

మాకు తెలియదన్నాం. గోడ వైపు చూస్తున్న అమ్మ అక్కడి నుంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"ఉందండి. మా అత్తగారికి."

గదిలో అందరం ఆవిడ వైపు తిరిగాం. ఇది కూడానా, ఇంకా దాచిందా అని నోరు తెరిచాను. పద్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నాకూ చెప్పలేదండి" అంది అమ్మ డాక్టరుగారితో. "పెళ్లి చేసుకుని కాపరానికొచ్చాకే చూశా, ఆవిడ మెడ. అప్పటికే ఇంత గడ్డ. మా ఆయన్ని అడిగితే, ఎవరితో అనమాక అన్నాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఎవరికి చెప్పుకోను? ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, రోజూ వాళ్లకి తలకి నూనె రాసేటప్పుడు మెడలు తడిమి చూసుకునేదాన్ని. ఎవరితో అనలేదు."

నాకు అమ్మ మీద కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. ఆ కోపం ఒక్క అమ్మ దగ్గరే ఆగడానికి లేదని ఆ గదిలో తెలిసింది, దాంతో అది తగ్గలేదు, పెరిగింది.

డాక్టరుగారు పెన్ను కాగితం మీద పెట్టి, "ఆవిడ పేరేంటమ్మా?" అని అడిగారు.

మా వైపు కోడళ్లు అత్తగారి పేరు పెట్టి పలకరు. మా అమ్మ యాభై ఏళ్లలో ఎప్పుడూ పలకలేదు. తమ్ముడు చెప్పబోతుంటే చేత్తో వద్దని ఆపింది.

"వెంకాయమ్మ" అంది. డాక్టరుగారు రాసుకోవడం పూర్తయ్యేదాకా ఆగి, వినపడిందో లేదో అన్నట్టు ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పింది.